ఒక సెంటు పత్రిక: పాఠకుని అవధానమునకై జరిగిన పోటీ

మానవుని కోరికలు అనంతములు. వానిని తీర్చు సాధనములు పరిమితములు. అర్థశాస్త్రమున ఇది మొదటి పాఠము. భూమి, శ్రమ, మూలధనము ఇట్టి పరిమిత సాధనములే. వీని సరసన చేర్చదగినది మరియొకటి కలదు. అది కొనుగోలుదారుని అవధానము. అష్టావధాని ఎనిమిది విషయములపై ఒకేమారు బుద్ధి నిలుపుట చూచి మనము అబ్బురపడుదుము. సామాన్యునకు అది శక్యము కాదు. సరకు ఎంత మేలైనదైనను, వెల ఎంత తక్కువైనను, కొనువాని దృష్టికి రాకున్నచో అది అంగడిలో లేనట్లే. కావున వ్యాపారులు వెలలోను, నాణ్యములోను మాత్రమేగాక, జనుల దృష్టిని పట్టుటలో గూడ పోటీపడుదురు. ఈ పోటీ స్వభావమును తెలిసికొనుటకు అమెరికా వార్తాపత్రికల చరిత్ర చక్కని నిదర్శనము.

1830 ప్రాంతమున న్యూయార్కు నగరములో దినపత్రిక వెల సాధారణముగా 6 సెంట్లు. వర్తకులు, రాజకీయవేత్తలు సంవత్సరపు చందా కట్టి తెప్పించుకొనెడివారు. ఓడల రాకపోకలు, సరకుల ధరలు, పార్టీల వాదములు వానిలో నిండియుండెడివి. కూలివానికి ఆ వెల భారము. ఆ విషయములతో అతనికి పనియు తక్కువే.

1833 సెప్టెంబరు 3వ తేదీన బెంజమిన్ డే అను 23 ఏండ్ల ముద్రాపకుడు ‘సన్’ అను దినపత్రికను ఒక్క సెంటుకే వెలువరించెను. బాలురు వీధులలో కేకలువేయుచు దానిని అమ్మిరి. పోలీసు కోర్టు ముచ్చటలు, వింత సంఘటనలు అందు ముఖ్యాంశములు. ఒక్క సెంటుతో పత్రిక లాభము గడించుట కష్టము. ప్రకటనల రాబడియే దానికి ఆధారమయ్యెను. ఇచ్చట ఒక గొప్ప మార్పును గమనింపవలెను. అంతకుముందు పాఠకుడు ప్రధానముగా కొనువాడు. ఇప్పుడు అతని అవధానమే సరకయ్యెను. ప్రకటనదారుడు దానిని కొనువాడయ్యెను. ఎన్ని కండ్లు పత్రికపై పడునో అంత ఆదాయము.

1835 మే నెలలో జేమ్స్ గోర్డన్ బెన్నెట్ ‘హెరాల్డు’ పత్రికను స్థాపించెను. పోటీ ముదిరెను. అదే సంవత్సరము ఆగస్టు 25 నుండి ‘సన్’ ఆరు భాగములుగా ఒక వింత కథనమును ప్రకటించెను. ప్రఖ్యాత ఖగోళశాస్త్రజ్ఞుడు సర్ జాన్ హెర్షెల్ గొప్ప దూరదర్శినితో చంద్రునిపై అడవులను, రెండు కాళ్లపై నడచు నీటి జంతువులను, గబ్బిలపు రెక్కలు గల మనుష్యులను చూచెనని దాని సారాంశము. హెర్షెల్ అప్పుడు నిజముగానే దక్షిణాఫ్రికాలో నక్షత్రములను పరిశీలించుచుండెను. కాని ఈ కథతో ఆయనకు సంబంధము లేదు. అచ్చటినుండి ఓడలో జాబు వచ్చుటకు నెలలు పట్టును గనుక వెంటనే విచారించు వీలు లేదు. ఆ దూరదర్శిని కటకము 24 అడుగుల వ్యాసము గలదని వ్రాసిరి. అంతవరకు నిర్మింపబడిన వానిలో పెద్దదాని దర్పణపు వ్యాసమే 4 అడుగులు! ఈ ఒక్క లెక్క చాలును, అనుమానము కలుగుటకు. కాని ఆగి లెక్కచూచు వ్యవధి ఎందరికి? ఆ వారములోనే తన ప్రతుల సంఖ్య 19,360కి చేరెనని ‘సన్’ చాటుకొనెను. తప్పును అది స్పష్టముగా ఎన్నడును ఒప్పుకొనలేదు.

అబద్ధమునకు ఇంతటి బలము ఎట్లు వచ్చెను? వింత క్షణములో దృష్టిని లాగును. దానిని పరీక్షించుటకు కాలము, శ్రమ కావలెను. అమ్మువానికి దృష్టి పడినంతనే లాభము; మోసపోయిన నష్టము పాఠకునిది.

అయితే పోటీ ఎల్లప్పుడు క్రిందికే జారునని తలపరాదు. 1841లో హోరేస్ గ్రీలీ ‘ట్రిబ్యూన్’ను, 1851లో హెన్రీ రేమండ్ తదితరులు ‘టైమ్స్’ను గంభీరమైన విషయములతో ఒక్క సెంటుకే ఆరంభించిరి. 1898లో ‘వరల్డు’, ‘జర్నల్’ పత్రికలు సంచలనములతో పోరాడుచుండగా, ‘టైమ్స్’ యజమాని అడాల్ఫ్ ఆక్స్ తన పత్రిక వెలను 3 సెంట్లనుండి ఒక సెంటుకు తగ్గించి, గాంభీర్యమును మాత్రము విడువలేదు. ఏడాదిలో ప్రతులు సుమారు మూడింతలయ్యెను. నమ్మదగిన పేరు పాఠకునకు అవధానమును ఆదాచేయును. ప్రతి వార్తను తానే పరీక్షింప నక్కరలేదు. కనుకనే మంచి పేరునకు అంగడిలో వెల కలదు.

ఈ అనుభవమునకు అర్థశాస్త్రము ఆలస్యముగా రూపమిచ్చెను. కొనువాడు ధరలను వెదకి పోల్చుటకు కూడ వ్యయమగునని జార్జి స్టిగ్లర్ 1961లో నిరూపించెను. సమాచారము పెరిగినకొలది అవధానమునకు కరవు ఏర్పడునని హెర్బర్ట్ సైమన్ 1971లో వివరించెను. ఇద్దరును అటుపిమ్మట నోబెల్ బహుమానమును పొందిరి.

నేడు చేతిలోని ఫోనుపై వెల లేకుండ లభించు వార్తలు, వినోదములు పెక్కింటికి ఆధారము ఆ ఒక సెంటు పత్రిక సూత్రమే. విద్యార్థి ఏ వింతవార్త చదివినను రెండు ప్రశ్నలు వేసికొనవలెను: ఇందలి లెక్క సరిపోవునా? నా చూపునకు మూల్యము చెల్లించుచున్నవారు ఎవరు?