గడ మీది బాల్యం

మన సాహిత్యంలో దొమ్మరాట ఉంది. దొమ్మరి పిల్ల లేదు. నా ఆరోపణ ఇంతే. దీనికి చరిత్రలో కారణాలున్నాయి.

13వ శతాబ్దంలోనే పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో శ్రీశైల శివరాత్రి వేడుకలను వర్ణిస్తూ గడలపై ఆడేవారిని చూపించాడు. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాల గ్రంథంలో వీళ్ల విద్యలు నమోదు చేశాడు. ఒకరిది భక్తుడి చూపు, మరొకరిది పాలకుడి చూపు. ఇద్దరూ కిందనుంచి చూసినవాళ్లే. గడ పైనుంచి చూస్తే ఊరెలా ఉంటుందో ఎవరూ అడగలేదు.

1880ల చివరలో, మా గుంటూరు పల్లెలో మిరపకల్లాల రోజులకు ఒక కుటుంబం వచ్చి చెరువుకట్ట మీద దిగేది అని రాయబోయి ఆగాను: అది మా తాతల కాలం. నేను చూసింది 1980ల చివర. వందేళ్లు గడిచినా గడా అదే, డోలూ అదే. తండ్రి డోలు వాయిస్తే నా ఈడు పిల్ల గడెక్కి బొంగరంలా తిరిగేది. పగలు ఆమె మా బడికి వచ్చి చివరి వరసలో కూర్చునేది. పలక మీద తన పేరు రాసిమ్మని నన్నడిగింది. రాసిచ్చాను. దాన్నే దిద్దుకుంటుంటే పంతులుగారు చూసి, “నీకు అక్షరాలెందుకే? రెండు పిల్లిమొగ్గలెయ్యి” అన్నారు. వేసింది. మేమంతా చప్పట్లు కొట్టాం. మర్నాటి నుంచి ఆమె బడికి రాలేదు. ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి.

పంతులుగారొక్కరినే తప్పుపట్టి లాభం లేదు. సంచారమే నేరమన్న భావాన్ని వలస పాలన చట్టంగా మార్చింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911 సవరణతో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఆరేళ్లు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం అందులో ఉంది. పాత గుంటూరు జిల్లాలోని స్టూవర్టుపురం, సీతానగరం సెటిల్‌మెంట్లు ఆ కాలపువే. ఎరుకలవారిని అక్కడ కాపలాలో ఉంచారు. 1952లో దేశమంతటా చట్టం రద్దయింది. అనుమానం రద్దు కాలేదు. 1970లో మన రాష్ట్రం దొమ్మరులను వెనుకబడిన తరగతుల ‘ఎ’ గ్రూపులో, విముక్త, సంచార జాతుల సరసన చేర్చింది. ఆ కులం పేరు మాత్రం నేటికీ తిట్టుగానే వాడుకలో ఉంది.

సురభివారితో పోల్చి చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన ఆ కుటుంబాల్లోనూ పిల్లలు డేరాల్లోనే పెరిగారు, నడక నేర్చిన నాటినుంచే వేషం కట్టారు. వారి కష్టం తక్కువది కాదు. కాని వారి ఆటకు పురాణకథ తోడుంది, టిక్కెట్టు ఉంది, నాటక చరిత్రలో అధ్యాయం ఉంది. దొమ్మరి పిల్లకు ఉన్నది తన ఒళ్లు ఒక్కటే. కథ ఉన్న శ్రమను కళ అన్నాం, కథ లేని శ్రమను బిచ్చం అన్నాం.

ఆ బిచ్చానికీ ఆర్థిక మూలం ఉంది. ధాన్యం కల్లంలో ఉన్నంతకాలం చేటెడు గింజలు ఆటగాడికి దక్కేవి. పత్తి, మిర్చి బస్తాలు తిన్నగా గుంటూరు యార్డుకు పోతాయి. పంట డబ్బుగా మారాక కల్లంలో అతని వాటా మాయమైంది.

2011లో సుప్రీంకోర్టు సర్కస్‌లో పిల్లల్ని వాడరాదంది. అది న్యాయమే. 2016 బాలకార్మిక చట్ట సవరణ సినిమాల్లో, సీరియళ్లలో పిల్లలు కళాకారులుగా పనిచేయవచ్చంటూ సర్కస్‌ను మాత్రం మినహాయించింది. పడితే ఎముకలు విరిగే పని గనుక మినహాయింపు సబబే. కాని గడ దింపిన పిల్లకు బడి ఏదీ? తల్లిదండ్రులకు బతుకుతెరువు ఏదీ? ఈ ప్రశ్నలకు జవాబు లేనిదే నిషేధం సగం న్యాయమే అవుతుంది.

నేనిప్పుడు పంతుల్ని. మిర్చి కోతలకు వలసొచ్చిన పిల్లలు నా తరగతి చివరి వరసలో కూర్చుంటారు. హాజరుపట్టీలో వాళ్ల పేర్లు రాసేటప్పుడు ఆ పలక గుర్తొస్తుంది. ఆమె కథ ఆమే రాయాల్సింది. ఆ అక్షరాలు ఆమెకు దక్కనివ్వని వాళ్లలో మనమూ ఉన్నామని ఒప్పుకున్నాకే, రచయితలుగా ఆమె గురించి మాట్లాడే అర్హత మనకు వస్తుంది.