నలభై రెండో రోజు

పంచర్ వేసేవాడికి చెయ్యి నిలవాలి. గాలి కొట్టిన ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి మెల్లగా తిప్పుతూ పోతే ఎక్కడో ఒకచోట బుడగలు వరసగా లేస్తాయి. బెజ్జం అక్కడుంటుంది. 2014 చివరికి వచ్చేసరికి మా చిన్నాయన ట్యూబు ముంచితే తొట్టి నిండా అలలే. ఏది బుడగో ఏది అలో తెలిసేది కాదు. పొద్దున ఏడింటికి ఒక క్వార్టర్ పడితే తప్ప నీళ్లు నిలిచేవి కావు. తాగితేనే పని, పని చేస్తేనే తాగడానికి డబ్బు. జీఎస్టీ ఇంకా రాని రోజులు. భీములవారిపాలెం చెక్‌పోస్టు దగ్గర లారీలు బారులు తీరి ఉండేవి కాబట్టి తడ హైవే మీద పంచర్ షాపుకు గిరాకీ లోటు లేదు.

ఇదంతా రాస్తానంటే ఆయన ఒకటే షరతు పెట్టాడు. "నా పేరు రాయబాకబ్బయ్యా. పేరు పక్కన పెట్టి చెప్పుకోడం నాకు అలవాటే." ఆ అలవాటు ఎక్కడిదో ముందు ముందు తెలుస్తుంది.

ఆయన తాగుడు నేర్చింది మద్యనిషేధంలో. నవ్వకండి. తడ అప్పుడు నెల్లూరు జిల్లా. అదే జిల్లా దూబగుంటలో 1992లో వర్ధినేని రోశమ్మా ఆమెతోటి ఆడవాళ్లూ సారా అంగడి మూయించారు. ఆ సెగ రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా పోయింది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ ప్రభుత్వం మొత్తం మద్యాన్నే నిషేధించింది. కానీ నిషేధం ఆంధ్రకే కదా. మా ఊరి నుంచి సైకిలు తొక్కితే తమిళనాడు. వయసులో ఉన్న కుర్రాడికి తాగుడు కంటే సరిహద్దు దాటి తాగి రావడమే మజా. 1997లో నిషేధం పోయింది, అలవాటు మిగిలింది.

చిన్నమ్మ మొక్కని దేవుడు లేడు. సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి తీసుకుపోయి మూడుసార్లు ఒట్టు వేయించింది. తలుపులు మూయని గుడి అది, రాకెట్ వదిలే ముందు ఇస్రో పెద్దలు కూడా వచ్చి దండం పెట్టుకునే తల్లి. రాకెట్లు ఎగిరాయి గానీ ఈయన ఒట్టు మూడు వారాలు నిలవలేదు. చివరికి ఎవరో అయ్యప్ప మాల వేయించమన్నారు.

మాల మాత్రం పనిచేసింది. వింత ఏమిటంటే ప్రతి ఏడూ పనిచేసింది. నల్ల పంచె, తెల్లవారకముందే చన్నీళ్లు, కాళ్లకు చెప్పుల్లేవు, కింద చాప, మధ్యాహ్నం భిక్ష. ఊరంతా "సామీ" అనేది. వైన్‌షాపు ముందు నుంచి పోతుంటే కౌంటర్‌లో కుర్రాడు కూడా లేచి "సామి శరణం" అనేవాడట. కొండకు పోయొచ్చి, కొబ్బరికాయ కొట్టి, మా నాయనమ్మ చేత్తో మాల తీయించుకున్నాక, ఆ రాత్రికల్లా అదే కౌంటర్ ముందు నిలబడేవాడు. ఎనిమిదేళ్లూ ఇదే వరస. చిన్నమ్మ అనేది: "ఏడాదికి నలభై ఒక్క రోజులే నాకు మొగుడు. మిగిలిన రోజులన్నీ షాపోళ్లవి." మాల తీసిన మర్నాటికి మా ఇంట్లో ఒక పేరు పడింది, నలభై రెండో రోజు అని. ప్రయాణం, జ్యోతి అన్నీ కలిపి లెక్కేస్తే నలభై ఐదో, యాభయ్యో అయ్యేది. పేరు మాత్రం అదే.

తొమ్మిదో మాల 2014 డిసెంబరు మొదట్లో వేశాడు. మూడో రోజు రాత్రి భజన అయింది, హారతి అయింది, సాములు చాపలు పరుచుకుంటున్నారు. చిన్నాయన కూర్చున్నచోటే గాల్లో స్పానర్ తిప్పడం మొదలుపెట్టాడు. లేని నట్టు విప్పుతున్నాడు, లేని లారీడ్రైవర్‌తో బేరమాడుతున్నాడు. తర్వాత ఒళ్లంతా దులుపుకుంటూ "జెర్రులు... జెర్రులు" అని అరుపు. ఒళ్లు చెమటలు, కాళ్లు కొట్టుకుంటున్నాయి. ఎవరో "సామి వచ్చినాడు" అన్నారు. అంతే, శరణుఘోష మిన్నంటింది. ఒకాయన కర్పూరం వెలిగించి పళ్లెం ముఖం దగ్గరికి తెచ్చాడు.

గురుస్వామి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. వచ్చి నుదురు పట్టి చూశాడు, నాడి చూశాడు, పళ్లెం పక్కకు నెట్టేశాడు.

"వచ్చింది సామి కాదురా. పోతా ఉండేది మందు. బండి జూడండి."

ఆయన చదివింది ఎనిమిదో తరగతి. అయినా ఆ రాత్రి అక్కడ ఆయనొక్కడే సరైన మాట అన్నాడు. ఏళ్ల తరబడి రోజూ తాగే శరీరం మద్యానికి ఎదురుగా తనను తాను బిగించుకుని ఉంటుంది. ఒక్కసారిగా మందు ఆగితే ఆ బిగువంతా తిరగబడుతుంది. కొన్ని గంటల్లోనే వణుకు, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం. అది ప్రాణం తీయగలదు. ఇంకో సంగతి మాకెవరికీ తెలియదు. ఇలా ఆపడం, మొదలుపెట్టడం, మళ్లీ ఆపడం జరిగినకొద్దీ ప్రతి విడుపూ ముందుదానికంటే ఘోరంగా వస్తుంది. అంటే ఎనిమిది మాలలూ కలిసి తొమ్మిదోదాన్ని తయారుచేశాయి. నాకు మాలమీద గౌరవం ఉంది. కానీ రోజూ తాగేవాడి మెడలో మాల పడేముందు డాక్టరు చెయ్యి పడాలి. ఈ మాట గురుస్వాములందరికీ తెలియాలి.

రాత్రికి రాత్రే వ్యానులో చెన్నై. బి1 ఇంజెక్షన్లు, సెలైన్, నిద్రమందు. నాలుగోనాడు మనిషి తెలివిలోకి వచ్చి మెడ తడుముకున్నాడు. మాల ఉంది. డాక్టరు తీయమనలేదు, గురుస్వామి తీయనివ్వలేదు. ఆ నాలుగు రోజులూ గురుస్వామి ఆస్పత్రి కొళాయి కింద రెండుపూటలా స్నానం చేసి వరండాలోనే పడుకున్నాడు.

అక్కడి నుంచి మూడు వారాలు డీఅడిక్షన్. ఈ విషయంలో చెన్నైకి పాత చరిత్రే ఉంది. భర్త టి.టి. రంగనాథన్‌ను తాగుడు తీసుకుపోతే, శాంతి రంగనాథన్ అమెరికా పోయి ఈ వైద్యం నేర్చుకొచ్చి 1980లో ఆయన పేరుతోనే చికిత్సాలయం పెట్టారు. 1992లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. మావాడు చేరింది మరోచోట. అక్కడే ఒక సాయంత్రం ఏఏ మీటింగు, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. పేరులోనే ఉంది, అనామకులు అని. హార్బర్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన సగం తెలుగు, సగం అరవంలో ఒక కథ చెప్పాడు. చిన్నాయన నాకు చెప్పింది ఆ కథే. నేను తర్వాత చదివి సరిచూసుకున్నాను.

1935 మే నెల. అమెరికాలో ఆక్రన్ అనే ఊరు. న్యూయార్క్ నుంచి వ్యాపారం పనిమీద వచ్చిన బిల్ విల్సన్ బేరం చెడి, మేఫ్లవర్ హోటల్ లాబీలో అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. మందు మానేసి ఐదు నెలలు. అంతకుముందు డిసెంబరులో ఆస్పత్రి మంచం మీద ఉండగా గదంతా తెల్లటి వెలుగు కనిపించి, దేవుడు ఉన్నాడనిపించి మానేసినవాడు. ఆ ఊపులో ఎందరో తాగుబోతులకు దేవుణ్ణి బోధించాడు. ఒక్కడూ మానలేదు. మరి నువ్వు మానావుగా అంది పెళ్లాం లోయిస్. లాబీకి ఒక చివర బారు, అందులోంచి నవ్వులు. ఇంకో చివర ఊళ్లో చర్చీల పట్టిక, ఫోను. ఆ క్షణంలో బిల్‌కు తెలిసొచ్చింది, తనకు కావలసింది తనలాంటి ఇంకొక తాగుబోతు అని. ఫోనెత్తి ఒక పాదిరీని పట్టుకున్నాడు. ఆ దారి హెన్రీట్టా సైబర్లింగ్ అనే ఆవిడ దగ్గరికి, ఆమె ద్వారా డాక్టర్ బాబ్ స్మిత్ దగ్గరికి తీసుకెళ్లింది. బాబ్ సర్జన్. భక్తిపరుడే, ప్రార్థన బృందానికి పోతూనే తాగేవాడు. మే 12న ముందురోజు మత్తు దిగని తలతో వచ్చి, పావుగంటే కూర్చుంటానన్నాడు. లేచేసరికి ఆరు గంటలకు పైగా గడిచిపోయాయి. బిల్ బోధ చేయలేదు, తన కథ చెప్పుకున్నాడు. తర్వాత బాబ్ ఒకసారి జారాడు. జూన్ 10న ఆపరేషన్ ఉంటే చేతులు వణుకుతున్నాయి. వణుకు ఆగడానికి బిల్లే ఒక బీరు ఇచ్చాడు. బాబ్ జీవితంలో అదే ఆఖరిది. ఏఏ తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకునేదీ ఆ తేదీనే.

"డాక్టరు చెయ్యి వణికిందంటేనే అబ్బయ్యా, నా తొట్టి కళ్ల ముందు కనపడింది" అన్నాడు చిన్నాయన.

ఏఏ వాళ్ల పన్నెండు మెట్లలో దేవుడి మాట పదే పదే వస్తుంది, కానీ ఎవరికి అర్థమైన దేవుడు వాళ్లకు. పద్దెనిమిది మెట్లు ఎక్కేవాడికి పన్నెండు లెక్కా అని మొదట జోకు వేశాడట ఈయన. పక్కనాయన దేవుడు ఏసు. ఇంకొకాయన ఏ దేవుణ్ణీ నమ్మడు, ఆ గదిలో కూర్చున్నవాళ్లనే నమ్ముతాడు. మనోవైద్యుడు కార్ల్ యుంగ్ 1961 జనవరిలో బిల్‌కు ఉత్తరం రాస్తూ, లాటిన్‌లో మద్యానికీ ఆత్మకూ ఒకటే మాట ఉందని గుర్తుచేశాడు. తాగుబోతు దాహం అడుగున ఉన్నది ఇంకో దాహమని ఆయన ఉద్దేశం. మనవాళ్లు యుంగ్‌ను చదవకుండానే మందును తీర్థం అన్నారు.

2020లో వైద్య అధ్యయనాలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 27 అధ్యయనాలు, 10,565 మందిని కలిపి చూసి, పూర్తిగా మానడంలో ఏఏ దారి మిగతా చికిత్సలకు తీసిపోదు, చాలాచోట్ల మెరుగు అంది. ఎందుకు పనిచేస్తుందని తవ్వినవాళ్లకు ఎక్కువగా దొరికింది, చుట్టూ ఉండే మనుషులు మారడం. ఇది చదివాక చిన్నాయన ఎనిమిది మాలలూ నాకు వేరుగా కనిపించాయి. ఆ నలభై రోజులూ ఆయన్ను నిలిపింది నియమం ఒకటే కాదు. తెల్లవారుజామున తలుపు తట్టే నలుగురు, సాయంత్రం భజనకు చోటు ఉంచే నలుగురు, ఎవడైనా సరే సామీ అని పిలిచే పిలుపు. మాల తీయగానే పిలుపు పోయేది. దేవుడు కొండమీదే ఉండేవాడు, సాములు ఎవరి పనులకు వాళ్లు పోయేవాళ్లు. సాయంత్రం ఏడింటికి చేతిలో ఏమీ లేని మనిషి మిగిలేవాడు.

2015 జనవరి. జ్యోతి చూసి వచ్చారు. నాయనమ్మ మాల తీసింది. సాయంత్రం ఏడు.

చిన్నాయన షాపు దాకా నడిచాడు. మీటింగ్ చెన్నైలో, తడలో ఏముంది? గురుస్వామి ఇంటికి పోదామంటే ఆయన జన్మలో తాగనివాడు, ఆ ఏడింటి సంగతి ఆయనకేం తెలుసు. రోడ్డుకు అవతల వైన్‌షాపు లైటు. రెండుసార్లు షట్టర్ ఎత్తి దించాడు. అప్పుడు కనపడ్డాడు, తనతో ఒకే బస్సులో కొండకెళ్లిన లారీ క్లీనరు. డివైడర్ దగ్గర నిలబడి రోడ్డు దాటాలా వద్దా అని చూస్తున్నాడు.

"సామీ!"

"ఇంకా సామేందన్నా. పొద్దున్నే తీసేస్తిమి గదా."

"రా, టీ తాగుదాం."

"టీకి రావట్లా నేను."

"నేనూ టీకి పిలవట్లా. ఒకణ్ణే ఉండలేకుండా ఉండా. రా."

టైరు మీద ఒకడు, తొట్టి గట్టు మీద ఒకడు. ఏం మాట్లాడారో ఇద్దరికీ సరిగా గుర్తు లేదు. గాల్లో తిప్పిన స్పానర్ సంగతి చెబితే క్లీనరు పడీపడీ నవ్వాడట, తర్వాత ఏడ్చాడట. పదకొండుకు అవతల లైటు ఆరింది. అప్పుడు లేచారు.

క్లీనరు మధ్యలో రెండుసార్లు జారాడు. చిన్నాయన జారలేదు గానీ, జారనని ఎప్పుడూ అనడు. ఆదివారం తడ స్టేషన్‌లో సూళ్లూరుపేట లోకల్ ఎక్కి చెన్నై మీటింగుకు పోయొస్తాడు. తర్వాత ఆయన మళ్లీ మాల వేయలేదు. ఎందుకని అడిగితే, "తీసే పని ఉండదు గదా" అన్నాడు. సాములు కొండ దిగి వచ్చే రోజుల్లో మాత్రం పంచర్ షాపు రాత్రి పదకొండు దాకా తీసే ఉంచుతాడు. ఫ్లాస్కులో టీ, నాలుగు పాత టైర్లు.

మొన్న జనవరిలో నేను అక్కడే కూర్చుని ఉన్నాను. ఎనిమిదిన్నరకు ముప్పై ఏళ్లవాడొకడు బండి ఆపకుండానే, తల తిప్పకుండానే అడిగాడు.

"సామీ, షాపు ఎన్నింటిదాకా?"

"యా షాపు?"

వాడు కాసేపు ఏమీ అనలేదు. బండి స్టాండు వేశాడు.