ఆరు ఆక్సొలాటళ్ళ కథ

వేసవి సెలవుల్లో పిన్ని వాళ్ళింట్లో తమ్ముడు మైన్‌క్రాఫ్ట్ ఆడుతుంటే అందులో ఒక వింత జంతువు కనిపించింది. తల పక్కన ఈకల్లాంటి మొప్పలు, నవ్వుతున్నట్టుండే మొహం. దాని పేరు ఆక్సొలాటల్. అది నిజంగా ఉందని తెలిసిన దగ్గర్నుంచి "నాన్నా, ఒక జంట కొనవా, పిల్లల్ని పుట్టించి పెంచుదాం" అని ఒకటే గొడవ చేశాను. "ముందు దాని చరిత్ర తెలుసుకో, తర్వాత చూద్దాం" అన్నారు నాన్న. అలా తెలుసుకున్నదే ఈ వ్యాసం.

ఆక్సొలాటల్ చేప కాదు, కప్పలాగా ఉభయచరం. దాని పుట్టిల్లు మెక్సికో నగరం దగ్గర ఉన్న షోచిమిల్కో, చాల్కో సరస్సులు. అక్కడి అజ్టెక్ ప్రజలు షోలోటల్ అనే తమ దేవుడి కథతో దీన్ని ముడిపెట్టారు. ఆహారంగా కూడా తిన్నారు.

1860లలో ఫ్రెంచి సైన్యం మెక్సికోలో ఉన్న రోజుల్లో 34 ఆక్సొలాటళ్ళను పారిస్‌కు పంపారు. 1864లో వాటిలో ఆరు ఆగస్ట్ డ్యూమెరిల్ అనే శాస్త్రవేత్త చేతికి వచ్చాయి. అయిదు మగవి, ఒకే ఒక్క ఆడది. 1865 జనవరిలో ఆ ఆడది గుడ్లు పెట్టింది. అదే ఏడాది కొన్ని పిల్లలకు మొప్పలు పోయి, నేల మీద తిరిగే సాలమాండర్లుగా మారిపోయాయి! తల్లిదండ్రులు మాత్రం మొప్పలతో నీళ్ళలోనే ఉన్నాయి. తోకకప్ప గుడ్లు పెడితే ఎంత ఆశ్చర్యమో, ఇదీ అంతే. ఆక్సొలాటల్ సాధారణంగా జీవితమంతా పిల్లరూపంలోనే ఉండి సంతానాన్ని కంటుందని అలా తెలిసింది.

డ్యూమెరిల్ ఆ పిల్లల్ని యూరప్‌లో చాలామందికి పంచారు. తెగిన కాలు మళ్ళీ మొలిపించుకోగలదు కాబట్టి శాస్త్రవేత్తలు దీన్ని నేటికీ పెంచుతున్నారు. ఈరోజు ప్రయోగశాలల్లో, ఇళ్ళల్లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఆ పారిస్ కుటుంబం వారసులే.

మరి ఇంట్లో పిల్లల్ని పుట్టించడం ఎలా? జంటకు ఏడాదిన్నర వయసు రావాలి. నీళ్ళు 16 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఆడది మొక్కల ఆకులకు ఒక్కొక్క గుడ్డూ అంటిస్తూ వందల్లో, ఒక్కోసారి వెయ్యి దాకా పెడుతుంది. రెండు మూడు వారాల్లో పిల్లలు బయటికొస్తాయి. వాటికి కదిలే మేతే కావాలి, అంటే రోజూ ఉప్పునీటి రొయ్య పిల్లల్ని పొదిగించి వెయ్యాలి. మేత చాలకపోతే ఒకదాని కాళ్ళు ఒకటి కొరుక్కుంటాయి. ఒకే తల్లి పిల్లల్ని జత కట్టించకూడదు. కానీ ఒకే కొట్లో కొన్న రెండూ అన్నాచెల్లెళ్ళు కావని ఎవరు చెప్పగలరు?

ఇంకో సంగతి. 2022లో సవరించిన మన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇలాంటి విదేశీ జీవిని పెంచుకుంటే ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా తెలియజెయ్యాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే. షోచిమిల్కోలో 1998లో చదరపు కిలోమీటరుకు సుమారు 6,000 ఆక్సొలాటళ్ళు ఉండేవి. 2014 నాటికి నలభై కూడా లేవు. నగరం మురుగునీరు, బయటి నుంచి తెచ్చి వదిలిన కార్ప్, తిలాపియా చేపలు వాటిని తినేశాయి. అంటే ప్రపంచమంతా గాజు తొట్లలో పెరుగుతున్న జీవి తన పుట్టింట్లో మాయమైపోతోంది. మన తొట్లో వెయ్యి పిల్లలు పుట్టినా ఆ సరస్సుకు ఒక్కటీ చేరదు. అక్కడి శాస్త్రవేత్తలు మాత్రం కాలవలను శుభ్రం చేస్తూ, రైతులతో కలిసి వాటికి చోటు కల్పిస్తున్నారు.

మా బరంపురం ఎండల్లో నీళ్ళను 18 డిగ్రీల దగ్గర ఎలా ఉంచుతాం? వెయ్యి పిల్లల్ని ఎవరికిస్తాం? ఈ రెండు ప్రశ్నలూ కాగితం మీద రాసి నాన్నకు చూపించాను. నాన్న ఏమీ అనలేదు. నేనే అడగడం మానేశాను.