విభక్తియు నౌపవిభక్తికమును

భజ ధాతువునకు ‘వి’ యుపసర్గము చేరఁగా నేర్పడిన ‘విభక్తి’కి విభజన మని యర్థము. పాణిని 21 సుప్పులకును 18 తిఙ్ఙులకును ఈ సంజ్ఞనే చేసెను. తెనుఁగుబడులలో నిది నామములకే పరిమితమైనది. డుమువులు వల్లించిన బాలుఁడు విభక్తికి ముందు నామమునఁ గలుగు మార్పును గమనింపఁడు.

1858లో వెలువడిన బాలవ్యాకరణమునఁ జిన్నయసూరి ఇ, టి, తి వర్ణకముల నౌపవిభక్తికము లనెను. విభక్తికి సమీపమున నుండునవి యని యవయవార్థము. కాలు కాలికి, ఏఱు ఏటికి, చేయి చేతికి నగుట వీనివలననే.

కృష్ణాతుంగభద్రల నడుమ గద్వాలసీమలో ‘గట్టు’ అను గ్రామము గలదు. గట్టుశబ్దము వీనిని గ్రహింపదు: గట్టునకు, గట్టులో. ‘ఏటిగట్టు’ అన్నచోఁ బూర్వపదమున ‘టి’ నిలిచినది. ‘యొక్క’ వినఁబడకున్నను సంబంధము తెలియుచున్నది. సమీపవర్తి యనఁబడినదియే యిచట విభక్తికార్యమును నిర్వహించుచున్నది. కావున డుమువులతోపాటు దీనిని గూడఁ బండితులు బాలురకు బోధింతురు గాక!