రేడియేటరు ఫ్యాను కథ

కడప జిల్లాలో వీరపునాయునిపల్లె, ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు ప్రాంతములందు వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెంటీగ్రేడును దాటుట సామాన్యము. అట్టి ఎండలో ఒక పాతకారు రోడ్డుపై చక్కగానే పరుగెత్తును. కాని బజారులో బండ్ల నడుమ చిక్కి నిలిచిన కొంతసేపటికే ముందు మూత సందులనుండి ఆవిరి చిమ్మును. పరుగెత్తునపుడు లేని జబ్బు నిలిచినపుడు ఏల వచ్చినది? దీనికి సమాధానము రేడియేటరు ఫ్యాను చరిత్రలో దొరకును.

ఇంజనులో మండిన ఇంధనపు శక్తిలో సుమారు మూడవవంతు దాని చుట్టును తిరుగు నీటిలోనికి వేడిగా చేరును. ఆ వేడి బయటకు పోనిచో సిలిండరు హెడ్డు వంకరపోవును, పిస్టనులు బిగుసుకొనును.

తొలి మోటారుబండికి ఫ్యాను లేదు. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు పొందిన బండిలో నీరు ఆవిరియై పోవుటచేతనే ఇంజను చల్లబడుచుండెను. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, ఇద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణించినపుడు, త్రోవలో పలుమార్లు నీరు పోయవలసివచ్చెను.

1900లో విల్‌హెల్మ్ మేబాఖ్ మెర్సిడెస్ కారుకొరకు 8,070 సన్నని గొట్టములతో తేనెపట్టువంటి రేడియేటరును నిర్మించెను. దాని వెనుక ఒక ఫ్యాను అమర్చెను. పరుగెత్తు బండికి ఎదురుగాలియే చాలును. మెల్లగా పోవు బండికి ఆ గాలి చాలదు. ఆ లోటును తీర్చుటయే ఫ్యాను పని.

తరువాత అనేక దశాబ్దములు ఇంజనే బెల్టుద్వారా ఫ్యానును త్రిప్పినది. మన అంబాసిడరు కారు ఈ తెగకు చెందినదే. ఈ ఏర్పాటులో ఒక లోపమున్నది. బండి నిలిచి ఇంజను మెల్లగా తిరుగునపుడు, అనగా గాలి ఎక్కువ కావలసిన వేళనే, ఫ్యాను కూడ మెల్లగా తిరుగును. వేగముగా పోవునపుడు అవసరము లేకున్నను తిరిగి శక్తిని వ్యర్థపరచును.

ఇంజనును అడ్డముగా అమర్చిన చిన్నకార్లు వ్యాపించినపుడు, ముందున్న ఫ్యానును బెల్టుతో త్రిప్పుట కష్టమయ్యెను. కనుక ఫ్యానుకు విద్యుత్తు మోటారును బిగించిరి. 1983 డిసెంబరులో మన రోడ్లపైకి వచ్చిన మారుతి 800 ఇట్టిదే. నీటి వేడి నిర్ణీతస్థాయిని చేరగనే ఉష్ణస్విచ్చి కలిసి ఫ్యాను తిరుగును. వేడి తగ్గగనే ఆగును.

ఈ చరిత్రలో ప్రతి మార్పు తన జబ్బును కూడ వెంట తెచ్చినది. కావున మన బండి ఏ తెగదో ఎరిగినచో ఎక్కడ వెదకవలెనో తెలియును. బెల్టు ఫ్యాను అయినచో, ఇంజనును ఆపి బెల్టును బొటనవ్రేలితో నొక్కి చూడవలెను. మిక్కిలి వదులుగా నున్నను, నునుపెక్కి పగుళ్లు బారినను అది జారుచున్నదని అనుమానింపవచ్చును.

విద్యుత్తు ఫ్యాను అయినచో, మొదట ఇంజను చల్లారిన పిదప నీటిమట్టము చూడవలెను. నీరు తగ్గినచో స్విచ్చికి వేడినీరు తగలక ఫ్యాను తిరుగకపోవచ్చును. తరువాత ఫ్యూజు, రిలే, తుప్పుపట్టిన ఎర్తుతీగె. పిమ్మట మోటారుకు బ్యాటరీనుండి నేరుగా విద్యుత్తు ఇయ్యవలెను. తిరుగకున్న దోషము మోటారుదే. తిరిగినచో, తాళము త్రిప్పి, ఉష్ణస్విచ్చికి పోవు రెండు తీగెలను కలుపవలెను. అపుడు ఫ్యాను తిరిగినచో స్విచ్చి చెడినదన్నమాట. కంప్యూటరు అదుపులో నడచు కొత్తబండ్లకు ఈ చివరి పరీక్ష వర్తింపదు.

రెండు జాగ్రత్తలు మరువరాదు. వేడి రేడియేటరు మూతను తీయరాదు. లోపలి పీడనమువలన నీరు 100 డిగ్రీలు దాటియు మరుగక నిలిచియుండును. మూత తీయగనే పైకి చిమ్మి ముఖమును కాల్చును. ఇంజను ఆపినను విద్యుత్తు ఫ్యాను తనంతట తిరుగవచ్చును. రెక్కల దగ్గర చేయి పెట్టరాదు.

ఫ్యాను సరిగా తిరుగుచున్నను ఇంజను వేడెక్కినచో రేడియేటరునే చూడవలెను. ఎర్రగుంట్ల ప్రాంతము సున్నపురాతి నేల. అట్టి నేలలోని కఠినజలము గొట్టములలో పొలుసు కట్టి వేడిని అడ్డగించును.

బ్యాటరీ, తీగె, స్విచ్చి, మోటారు—ఇవి విద్యార్థులు తరగతిలో చూచినవే. వాటిని వరుసగా పరీక్షించు ఓపికయే బజారులో నిలిచిన బండిని ఇల్లు చేర్చును.