రాతి మీద పద్దు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. అది సొంత డబ్బుతో కట్టేవాడి గోడు. ఊరందరి డబ్బుతో కట్టేవాడికి వేరే సామెత వుంది: "అత్త సొమ్ము అల్లుడు దానం" అని. సర్కారు కట్టడాల దగ్గర ఈ అల్లుడుగారిని కనిపెట్టి వుండేదెవరన్న ప్రశ్న ఈనాటిది కాదు. రెండువేల నాలుగువందల యేళ్ళ కిందటే ఏథెన్స్ నగరం ఆ ప్రశ్న వేసుకుంది.

బి.ఏ.లో నేను చరిత్ర చదివినప్పుడు పార్థినాన్ ఆలయం గురించి చాలానే చెప్పారు. స్తంభాల తీరు, శిల్పాల సొగసు, అన్నీ. డబ్బు లెక్క ఎవరు చూశారన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు. తర్వాతెప్పుడో చదివి తెలుసుకున్నాక, ఆ స్తంభాలకన్నా ఆ పద్దులే నాకు ముచ్చటగా తోచాయి.

క్రీ.పూ. 447లో పని మొదలైంది. కట్టడానికి ఇక్టినస్, కల్లిక్రటీస్, శిల్పాలకి ఫిడియాస్, వెనక వుండి నడిపించడానికి పెరిక్లీస్. అయితే డబ్బు సంచీ వీళ్ళ చేతికివ్వలేదు. దానికి వేరే పర్యవేక్షకుల సంఘం, వాళ్ళకో గుమాస్తా. యేడాది తిరిగేసరికి కొత్త సంఘం వచ్చేది. పాతవాళ్ళు అప్పగించిన నిలవ ఇంత, అమ్మవారి ఖజానా నించి వచ్చింది ఇంత, పెంటెలికస్ కొండమీద రాయి కొట్టినవాళ్ళకి ఇంత, మిగిలిన బంగారం, ఏనుగుదంతం అమ్మితే వచ్చింది ఇంత అని చలువరాతి మీద చెక్కించి నిలబెట్టారు. లాంప్సకస్ ఊరి బంగారు నాణేలు 70 ఖర్చు కాకుండా వుండిపోతే, యేటేటా వాటినీ నిలవలో చూపించారు.

పార్థినాన్ వున్న కొండమీదే క్రీ.పూ. 409లో తిరిగి మొదలైన ఎరెక్థియాన్ గుడి పద్దులు మరీ తమాషా. రోజు కూలి ఒక డ్రాక్మా; పౌరుడికీ బానిసకీ అదే రేటు. లెక్కల నకలు రాయడానికి కొన్న రెండు పపైరస్ కాగితాల ఖరీదు కూడా పద్దులో వుంది: 2 డ్రాక్మాలు, 4 ఓబోల్‌లు. అంటే రెండున్నర రోజుల కూలికి పైమాటే!

మా పెరట్లో గది వేయించినప్పుడు సిమెంటు తెచ్చేదీ మేస్త్రీయే, బస్తాలు లెక్కపెట్టేదీ మేస్త్రీయే. అడిగితే "నామీద నమ్మకం లేదామ్మా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేసేవాడు. ఏథెన్స్ వాళ్ళు ఈ నమ్మకం మాటే ఎత్తనివ్వలేదు. పదవి దిగేవాడు లెక్క అప్పగించాల్సిందే. ఏ పౌరుడైనా లేచి ఫిర్యాదు చెయ్యచ్చు. (పౌరుడంటే మగవాడే లెండి!) ఫిడియాస్ బంగారం కాజేశాడని ఒకసారి గొడవ లేచింది. అమ్మవారి విగ్రహం మీద బంగారం 40 టాలెంట్లు, అంటే వెయ్యి కిలోల పైనే. దాన్ని ఊడదీసేందుకు వీలుగానే తొడిగారు. తూచుకోండి, అన్నాడు పెరిక్లీస్. దొంగతనం రుజువు కాలేదని ప్లూటార్క్ రాశాడు.

ఎఫెసస్ నగరంలో ఇంకా గట్టి చట్టం వుండేదని రోమన్ వాస్తుశాస్త్రజ్ఞుడు విట్రూవియస్ చెప్పాడు. అంచనా చెప్పినవాడు పని అయ్యేదాకా తన ఆస్తిని పూచీ పెట్టాలిట. ఖర్చు పావు వంతు వరకూ మించితే ఖజానా భరిస్తుంది. ఆ పైన మించింది ఆ ఆస్తిలోంచే రాబడతారు.

ఇంతవరకూ చదివి "ఆహా ఏథెన్స్!" అనుకుంటున్నారా? కాస్త ఆగండి. అసలు ఆ డబ్బెవరిది? పర్షియాతో పోరుకోసం మిత్రరాజ్యాలు కట్టిన చందాలు అందులో చాలా వున్నాయి. డెలోస్ దీవిలోని ఆ ఖజానాని క్రీ.పూ. 454లో ఏథెన్స్‌కి తరలించారు. ఆ సొమ్ముతో ఊరిని నగలు దిగేసుకున్న ఆడదానిలా ముస్తాబు చేస్తున్నారని ప్రత్యర్థులు యాగీ చేశారు. (పోలికకి మళ్ళీ ఆడదే దొరికింది!) వాళ్ళని మనం కాపాడుతున్నాం, కనక వాళ్ళకి లెక్క చెప్పక్కర్లేదన్నది పెరిక్లీస్ వాదన. కాగితం ముక్కకి కూడా లెక్క రాసిన ఊరు, డబ్బిచ్చినవాడికి మాత్రం జవాబు చెప్పనంది.

మన రాజ్యాంగం ఆ పొరపాటు చెయ్యలేదు. 148వ అధికరణం కింద కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌ని పెట్టింది. ఆయన్ని తొలగించడం సుప్రీంకోర్టు జడ్జిని తొలగించినంత కష్టం. ఆయన నివేదికలు మనం ఎన్నుకున్న సభల ముందుకే రావాలి. బస్తాలు సరిపోయాయా అన్నదొక్కటే కాదు, పెట్టిన డబ్బుకి తగిన ఫలం దక్కిందా అని కూడా ఆ ఆఫీసు అడుగుతుంది. కాళేశ్వరం ఖర్చు 1.47 లక్షల కోట్లు దాటవచ్చని అలాగే లెక్కతేల్చింది. కాకపోతే ఆ నివేదిక 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభకి వచ్చేసరికి, మేడిగడ్డ బరాజ్ స్తంభాలు కుంగి దాదాపు నాలుగు నెలలైంది. ఏథెన్స్ యేటేటా చెక్కించిన రాయి ఇక్కడ గుర్తొస్తుంది.

డెలోస్ చుట్టుపక్కల దీవుల వాళ్ళకి ఆ రాతి ముందు నిలబడి నిలదీసే హక్కు లేదు. మనకి వుంది. కొత్తిమీర కట్ట దగ్గర రెండు రూపాయలకి బేరమాడే మనం, ఆడిట్ నివేదిక వార్త వచ్చిన రోజున ఆ పేజీ తిప్పెయ్యకుండా చదివితే, అల్లుడుగారు కాస్త జాగ్రత్తగా వుంటారేమో!