చెట్టు మెడలో పలక

హనుమకొండ హంటర్ రోడ్డులోని జూకు వన విజ్ఞాన కేంద్రం అని ఇంకో పేరుంది. అది మొదలైంది 1985లో. అడవిలో నడిపించి నేర్పాలన్న ఆలోచనకు అప్పటికే అరవై ఏళ్లు నిండాయి.

1925లో న్యూయార్క్ దగ్గరి అడవిలో ఫ్రాంక్ లట్జ్ అనే కీటక శాస్త్రవేత్త రెండు కాలిబాటలు వేశాడు. మొదటి దాంట్లో చెట్లకూ పొదలకూ కట్టిన చీటీలు పక్కన నడిచే స్నేహితుడిలా కబుర్లు చెప్పేవి. రెండో బాటలో అన్నీ ప్రశ్నలే! మొదటిదాంట్లో నేర్చుకున్నది అక్కడ తేలిపోయేది. ‘నేచర్ ట్రయల్’ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది ఈ ప్రయోగంతోనే.

తెలుగు నేల మీద అలాంటి చదువుకు పేరుపడ్డది మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాల. కరువు సీమలో మొక్కలు నాటుతూ, నీళ్లు నిలబెడుతూ లోయను పచ్చగా మార్చుకున్నారు. 1991లో అది పక్షుల రక్షిత ప్రాంతమైంది. అదే ఏడాది నవంబరులో, న్యాయవాది ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణ పాఠాన్ని విద్యలో తప్పనిసరి చేయాలని చెప్పింది. 2001-02లో జాతీయ హరిత దళం వచ్చింది. బడుల్లో ఎకో క్లబ్బులు పుట్టాయి.

వరంగల్ పిల్లలు లట్జ్ లాంటి బాట వేస్తామంటే సరుకుకు కొదవ లేదు. కాకతీయ గణపతిదేవుడి కాలంలో తవ్విన పాఖాల చెరువు చుట్టూ ఉన్న అడవి 1952 నుంచి అభయారణ్యం. మొసలి వీపులా పగుళ్లిచ్చిన బెరడుంటే అది నల్లమద్ది. విస్తరాకు కుట్టేది మోదుగతో. ఇలాంటివి రాసిన పలకను చెట్టుకు మేకుతో కొట్టకూడదు, కాండం లావెక్కుతుంది కాబట్టి తీగ వదులుగా చుట్టాలి.

అన్నిటికన్నా ఎక్కువ రాయాల్సింది తునికి పలక మీదే. ఎండాకాలానికి ముందు పొదలను కొట్టేస్తారు. ఆపైన వచ్చిన లేత ఆకును ఏప్రిల్, మే ఎండల్లో తెంపి, యాభై ఆకులకో కట్ట కట్టి, కల్లంలో ఆరబెడతారు. 1971 చట్టంతో ఈ వ్యాపారం ప్రభుత్వం చేతికి వెళ్లింది. బీడీలోకి వెళ్లే ఈ ఆకు సంగతి పుస్తకంలో వెతకక్కర్లేదు. ఆకు తెంపే ఇళ్ల పిల్లలు తరగతిలో ఉంటే, ఆ పలక మీద ఏం రాయాలో టీచరుకు వాళ్లే చెబుతారు. లట్జ్ రెండో బాటలోని ప్రశ్నలు కూడా వాళ్లే తయారు చేయగలరు: ఏ ఆకు కట్టకు పనికిరాదు? పొదను ఎప్పుడు కొట్టాలి? కల్లానికి ఎవరు ముందు చేరతారు?